అతుకు ఊడిన పాట

టేపు తెగింది. అక్కడే కదా ఆగాం!

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. పుస్తకాలు బైండింగు చేసే ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒకతె. నోరు మూసుకుని పనిచేయడం చేతకాదు, ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉంటుంది కాబట్టి వీధి వీధంతా పిచ్చుక అంటారు. ఎదురు కొట్లో వడ్రంగి డోలు వాయిస్తాడు. బళ్ళో లెక్కలు చెప్పే కుర్ర మాస్టారు ఫిడేలు వాయిస్తాడు. వాణ్ణి అందరూ లెక్కలు అనే పిలుస్తారు. ఈ ముగ్గురూ కలిసి 'కుంటి దరువు' అని ఒక జానపద బృందం పెట్టారు. రేపు పొద్దున్న పదింటికి వాళ్ళ మొదటి రికార్డింగు.

ఆ రికార్డింగులో మొదట వినిపించాల్సింది పిచ్చుక గొంతు కాదు. ఆమె తండ్రిది. రాళ్ళ గనిలో పనిచేస్తూ, కూతురికి రెండేళ్ళప్పుడు లారీ బోల్తాపడి పోయినవాడు. ఆయన పాడిన ఒకే ఒక్క పాట పాత క్యాసెట్లో మిగిలింది. "ముందు మీ నాన్నగారి గొంతు. దాని మీదికి నీ గొంతు ఎక్కాలి. అలా అయితేనే నాకు కావాలి" అని రికార్డింగు కంపెనీ మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆఖరి సాధనకి కూర్చుని అలవాటుగా ఆ క్యాసెట్ వేసుకుంటే, మొదటి చరణం చివర 'చిటుక్' మంది. టేపు పేగులా బయటికొచ్చింది.

నకలు తీసి పెట్టుకుందామని లెక్కలు అంతకుముందు వందసార్లు చెప్పాడు. పిచ్చుక వినలేదు. "నాన్నకి ఎవరైనా నకలు తీయిస్తారట్రా?" అంది. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు వాళ్ళింట్లో. ఉన్న నాన్నల్లా నాలుగు నిమిషాల టేపు.

ఇప్పుడు ఆ నాన్న రెండు ముక్కలై, రేడియోలు బాగుచేసే స్క్రూ బాబాయ్ బల్ల మీద ఉన్నాడు.

*

స్క్రూ బాబాయ్ కొట్టు ఒక మనిషి పట్టేంత. అందులో నలుగురు దూరారు. గోడల నిండా నోళ్ళు తెరుచుకున్న రేడియోలు, వైర్లు బయటపడ్డ టేపు రికార్డర్లు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, క్యాసెట్‌కి ఉన్న ఐదు స్క్రూలూ విప్పి, వరసగా మూత మీద పేర్చాడు.

"బాబాయ్, ఊపిరి పీల్చుకోవచ్చా?" అన్నాడు వడ్రంగి.

"పీల్చుకో. వదలకు. స్క్రూలు ఎగిరిపోతాయి."

పిచ్చుక నవ్వలేదు. ఆమె చూపు అంతా ఆ పల్చటి మట్టిరంగు నాడా మీదే ఉంది.

ఆ నాడాలోంచే బృందం పుట్టిందంటే అబద్ధం కాదు. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర పెట్టుకుని ఆమె ఈ పాట వింటోంది. తండ్రి గొంతు వెనకాల గనిలో రాళ్ళు పిండి చేసే మిషన్ చప్పుడు. గడగడ-గట్, గడగడ-గట్. ఎదురు కొట్లో వడ్రంగి బల్లకి మేకులు కొడుతూ, తెలియకుండానే ఆ మిషన్‌తో పాటు కొట్టడం మొదలుపెట్టాడు. సుత్తి ఆగింది. "ఏయ్ అమ్మాయ్! ఆ పాట మళ్ళీ వెయ్యి. బల్ల వంకర పోయినా ఫరవాలేదు!" అని వీధి అవతలనుంచి కేకేశాడు. నెల తిరక్కుండా పాత పీపా చెక్కతో డోలు చేసుకున్నాడు. అతనికి గురువంటూ ఉంటే ఆ మిషనే.

లెక్కలు వడ్రంగి కొట్టుకి వచ్చింది మెడ విరిగిన ఫిడేలు అతికించుకోవడానికి. నాటకాల కంపెనీలో వాయించే మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. ఆ మేనమామకి కంపెనీలో ఏడుపు సీన్లు మాత్రమే ఇచ్చేవారు. అందుకని లెక్కలు ఏం వాయించినా ఎవరో పోయినట్టే ఉంటుంది. "నువ్వు పుట్టినరోజు పాట వాయించినా జనం తువ్వాళ్ళు తీస్తార్రా" అని వడ్రంగి ఏడిపిస్తుంటాడు.

ఇక పిచ్చుక. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తండ్రి ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడే తీసేది. ఒకచోట ఆయన దగ్గు ఆపుకుంటే, అది గమకమనుకుని ఏళ్ళ తరబడి సాధన చేసింది.

బృందానికి పేరు తెచ్చింది మాత్రం ఒక్కచోటు. మొదటి చరణం ఆఖరు.

కొండ మీద రాయి కొడితే
కోనలోన పలికెనే
పలికినట్టే పలికి నువ్వు
పలకవేమే నా చిల...

'చిలకా' అనడు ఆయన. 'కా' మింగేస్తాడు. అర మాత్ర తక్కువ. దరువు ఒక్కసారి కుంటుతుంది, ఆ కుంటుడులోంచే తర్వాతి చరణం వచ్చి మీద పడుతుంది. విన్నవాళ్ళకి గుండె జారినట్టవుతుంది. ముగ్గురూ కలిసి వాళ్ళ పాటలన్నింటిలో ప్రతి చరణం చివరా ఆ అర మాత్ర మింగడం నేర్చుకున్నారు. అందుకే ఆ పేరు పెట్టుకున్నారు. లెక్కలు దీని మీద మూడు పేజీల వ్యాసం కూడా రాశాడు. దుఃఖంతో గొంతు పూడుకుపోవడాన్ని సూచించే ప్రాచీన పద్ధతి అని అందులో తేల్చాడు.

స్క్రూ బాబాయ్ భూతద్దం తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది తెగలేదు తల్లీ" అన్నాడు. "ఊడింది."

"అంటే?"

"అంటే ఇక్కడ ముందే అతుకుంది. ఎవరో ఎప్పుడో కోసి, మధ్యలో ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి అతికించారు. ఆ జిగురు ఇవాళ్టికి ఎండి వదిలేసింది. అతికించినవాళ్ళు మామూలోళ్ళు కాదు. ఇన్నేళ్ళు ఆగిందంటే చూడు!"

ముందు తేరుకున్నవాడు లెక్కలే, పాపం.

"ముక్క తీసేశారా? ఎక్కడ? సరిగ్గా ఏ మాట దగ్గర?"

"మీరు చెప్పిన ఆ 'చిల' దగ్గరే. 'కా' మీద బ్లేడు పడింది. అంతే."

లెక్కలు మొహం చూడలేం. "ప్రాచీన పద్ధతి..." అని గొణిగాడు.

"ప్రాచీన బ్లేడు" అన్నాడు వడ్రంగి. వెంటనే నాలిక కరుచుకున్నాడు, పిచ్చుక మొహం చూసి.

ఆమె ఆ మాటలేవీ వినడం లేదు. ముందుకు వంగి, బల్ల మీద టేపు కొసకి వేలాడుతున్న చిన్న కాగితం ముక్కని చూస్తోంది. సగం గోరంత ఉంటుంది. పల్చటి కాగితం. టేపు నిటారుగా కాదు, ఏటవాలుగా కోసి ఉంది. ఆ కాగితం ముక్కకి మూలలు లేవు. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

ఆమె ఆ అంచు మీద గోరు నడిపింది.

చిరిగిన పేజీని ఎలా అతకాలో ఆమెకి ఏడో ఏట నేర్పారు. నిటారుగా కోస్తే అతుకు దగ్గర మడత పడుతుంది; ఏటవాలుగా కొయ్యి. జిగురు పల్చగా రాయి. పైన వేసే కాగితానికి మూలలు ఉంచకు. మూల ఉంటే గోరు తగులుతుంది, గోరు తగిలితే లేస్తుంది, లేస్తే ఊడుతుంది. ఆ ఊళ్ళో ఉన్న బైండర్లు నలుగురిలో మూలలు గుండ్రంగా కత్తిరించేవాళ్ళు ఇద్దరే ఇద్దరు.

ఒకరు తను.

"బాబాయ్, ఆ కాగితం నాకివ్వు" అంది.

"దేనికమ్మా? నేను కొత్త అతుకు వేస్తాగా. రేపటికి నాన్న గొంతు రడీ."

"ఇవ్వు బాబాయ్."

గొంతులో ఏం వినిపించిందో, ఆయన మారు మాట్లాడకుండా పట్టకారుతో తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

*

తల్లి పనిగదిలో ఉంది. కుట్టు బల్ల ముందు కూర్చుని, మడిచిన కాగితాల కట్టలు ఒక్కొక్కటే తాడుకి కుట్టి పైకి పేరుస్తోంది. ఆ వీధిలో అందరికీ తెలిసిన విచిత్రం ఒకటుంది: వేల పుస్తకాలు ఆవిడ చేతిమీదుగా వెళ్ళాయి, ఆవిడకి మాత్రం అక్షరం ముక్క రాదు. అంకెలొచ్చు. అంకెలు చూసి కట్టలు వరసపెడుతుంది. లోపల ఏముందో ఎప్పుడూ అడగదు.

రెండేళ్ళుగా కూతురు ఊరూరా పాడుతోంది. ఒక్కసారైనా వినడానికి రాలేదావిడ. అడిగితే, "పని ఉందే అమ్మడూ" అంటుంది. పనిలేని రోజు అడిగితే నడుంనొప్పి అంటుంది.

పిచ్చుక వచ్చి ఎదురుగా నిలబడింది.

"చెప్పులు బయట విప్పావా?" తలెత్తకుండానే అడిగింది తల్లి. "జిగురు ఆరలేదింకా. దుమ్ము పడుతుంది."

"అమ్మా, ఇది ఎవరి పని?"

అరచెయ్యి చాపింది. తల్లి చూసింది. చూసి, సూదిని తాడులో సగం దూర్చి అలాగే ఆపేసింది.

ఎవరైనా వస్తువు గుర్తుపట్టనప్పుడు దగ్గరికి తీసుకుని చూస్తారు. ఆవిడ దగ్గరికి తీసుకోలేదు.

"ఎక్కడిది?" అంది చివరికి.

"ఎక్కడిదో నీకు తెలుసు. నాన్న క్యాసెట్ లోది. ఇవాళ ఊడింది."

"ఊడదే. నేను వేసిన అతుకు..." అని ఆగిపోయింది.

దొంగ ఇలాగే దొరుకుతాడు. దొంగతనం గురించి అడిగితే కాదు, పనితనాన్ని తప్పుపడితే.

"అయితే నువ్వే" అంది పిచ్చుక. కాగితాల కట్టల మీదే కూలబడింది. అవి నలిగాయి. జీవితంలో మొదటిసారి తల్లి 'నలిగాయే' అని కసరలేదు. "ఆ 'చిల' దగ్గర ఏడ్చినవాళ్ళు ఎంతమందో తెలుసా నీకు? నేను ఏడ్చాను. నాన్నకి నేను గుర్తొచ్చి గొంతు పూడుకుపోయిందనుకున్నాను. ఆ చిలక నేననుకున్నాను. ఇరవయ్యేళ్ళొచ్చాక తెలుస్తోంది, అది ఏడుపు కాదు, మా అమ్మ కత్తెరని!"

"బ్లేడు" అంది తల్లి మెల్లగా. "కత్తెరయితే అంచు పోతుంది."

"అమ్మా!"

"అరవకే."

"ఏముంది ఆ ముక్కలో? ఏం కోసేశావు? ఎవరైనా ఉన్నారా అందులో?" అడగకూడదని దారి పొడుగునా అనుకున్న మాట నోరుజారి వచ్చేసింది. "ఇంకో ఆడమనిషి గొంతా?"

తల్లి సూదిని తాడులోంచి వెనక్కి లాగింది. తర్వాత తలాడించింది.

"ఆడమనిషి గొంతే."

నాన్న మీద ఇంత ప్రేమ పెంచుకున్నాక ఈ మాట వినాల్సి వచ్చిందా? లేచి వెళ్ళిపోదామా అనిపించింది పిచ్చుకకి. వినకుండా వెళ్తే రేపు పాడగలదా? విని పాడగలదా?

"ఎవరిది?"

"నాది."

*

తల్లి పాడగలదని ఆమెకి తెలియదు. ఇరవయ్యేళ్ళలో జోల పాట కూడా వినలేదు.

"అది ఇద్దరు పాడే పాట" అంది తల్లి. సూది పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పని లేకుండా ఆ చేతులు ఉండటం చూడటమే కొత్తగా ఉంది. "రాళ్ళు కొట్టేవాళ్ళు పాడుకునేది. మొదటి చరణం మొగాడు, రెండోది ఆడది. రెండే చరణాలు. మేం కలిసింది ఆ పాట దగ్గరే. నేనూ అక్కడే రాళ్ళు ఏరేదాన్ని. నువ్వు పుట్టాక ఇక్కడికొచ్చేశాను, ఈ పని నేర్చుకున్నాను. ఆయన అక్కడే ఉండిపోయాడు. నాకు ఉత్తరం రాయడం రాదు, రాస్తే చదవడం రాదు. అందుకని క్యాసెట్ పంపాడు. లారీ డ్రైవరు తెచ్చిచ్చి, 'మీ ఆయన పాట అవగానే ఈ రెండు మీటలూ నొక్కి నువ్వు పాడాలట' అన్నాడు. పక్కింటివాళ్ళ రికార్డరు అడిగి తెచ్చుకున్నాను."

"పాడావా?"

"పాడాను. తలుపేసుకుని, నిన్ను ఒళ్ళో వేసుకుని. బయట వాన. పాటలో ఏముందంటే..."

ఆగింది. గొంతు సవరించుకుంది. పాడలేదు, మాటల్లాగే చెప్పింది, కాగితాలు లెక్కపెడుతున్నట్టు.

వాగు పొంగి పారుతోంది
వంతెనేమో ఊగుతోంది
వాన వెలిశాక రారా
వరస కలిసిన నా మావా

"అలా పాడాలి. వాన వెలిశాక రా. మా అమ్మ అలాగే పాడేది, వాళ్ళమ్మా అలాగే. అందరూ అలాగే పాడతారు." తల్లి కళ్ళు గోడ మీద ఎక్కడో ఆగాయి. "నేను మార్చాను."

"ఏమని?"

"వాన వెలవక ముందే రారా అని."

పిచ్చుకకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఏడాదైందే ఆయన్ని చూసి. నీకు నడక వచ్చింది, చూడలేదు. మాటలొచ్చాయి, వినలేదు. ఒక్క మాట మారిస్తే ఏమవుతుంది అనుకున్నాను. సరదాకే మార్చాను, సగం. సగం నిజంగానే." చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "క్యాసెట్ పంపిన పదో రోజున గని గుమాస్తా వచ్చాడు. ఆ వానలో లారీ ఎక్కి బయల్దేరాడట. మలుపులో రోడ్డు జారిపోయింది. గదిలో ఉన్న సామాను తెచ్చిచ్చాడు. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, ఈ క్యాసెట్. వేసి చూస్తే నా పాట తర్వాత ఇంకో చరణం ఉంది. ఆయన గొంతు."

ఆ చరణం పిచ్చుకకి చెప్పక్కర్లేదు. ఊరూరా జనం చప్పట్లు కొడుతూ కలిసి పాడే చరణం అది.

కొండ దిగి వస్తున్నా
కోన దాటి వస్తున్నా
తలుపు చాటు నా చిలకా
దారి పట్టి వస్తున్నా

"పాటకి మూడో చరణం లేదే అమ్మడూ. ఆయన కట్టాడు. నేను రమ్మన్నందుకు జవాబు. పాడి, వానలో లారీ ఎక్కాడు." తల్లి గొంతు పెరగలేదు, తగ్గలేదు. ఎన్నోసార్లు లోపల్లోపల చెప్పుకున్న మాటల్లా అరిగిపోయి ఉన్నాయవి. "ఆ గొంతుని పారెయ్యలేకపోయాను. నా గొంతు మాత్రం వినలేకపోయాను. కోసి పొయ్యిలో వేశాను. మళ్ళీ ఎప్పుడూ పాడలేదు. కోసేటప్పుడు చెయ్యి ఒణికి ఆయన మాట కూడా కొంచెం పోయింది. దానికే మీరు పేరు పెట్టుకున్నారు."

పిచ్చుక దగ్గరికి జరిగి తల్లి మోకాళ్ళు పట్టుకుంది.

"నా పాట వినడానికి అందుకే రాలేదా?"

"వీధి చివర ఎక్కడో నువ్వు 'వస్తున్నా' అని పాడుతుంటే, ప్రతిసారీ లేచి తలుపు దాకా వెళ్తానే. వెళ్ళి, తియ్యకుండా వెనక్కొస్తాను. దగ్గర కూర్చుని వినమంటే ఎలా వింటాను?"

తల్లీకూతుళ్ళిద్దరూ ఏడ్చారు, ఒకరినొకరు చూసుకోకుండా. కాసేపటికి పిచ్చుక చీర కొంగుతో తల్లి మొహం తుడిచింది.

"అమ్మా, వానలో బయల్దేరింది నాన్న. నువ్వు తోయలేదు. ఒకరోజు ఆగి రావచ్చుగా? ఎవరైనా ఆపలేదా?"

"ఎవరాపుతారు? అందరూ పనుల్లేక గదుల్లో కూర్చున్నారట. గని నీళ్ళతో నిండిపోయి పది రోజులుగా మిషన్ కూడా ఆగిపోయిందని గుమాస్తా చెప్పాడు."

పిచ్చుక చెయ్యి తల్లి చెంప మీదే ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"మిషన్ ఆగిపోయిందని..."

"ఎప్పటినుంచి?"

"పది రోజులు. వాన మొదలైన రోజునుంచి. నా క్యాసెట్ అక్కడికి చేరేసరికే వారం అయి ఉంటుంది. ఎందుకే?"

సాధనలోనే రెండేళ్ళు, రోజుకి రెండుసార్లు. వెయ్యిసార్లకి పైగా విన్న పాట అది. ఆ టేపులో ఎక్కడ గాలి కదిలినా ఆమెకి తెలుసు. వడ్రంగి డోలు మీద మొదటి చరణానికీ ఆఖరి చరణానికీ ఒకే దెబ్బ ఎందుకు వాయిస్తాడో తెలుసు.

"మిషన్ ఆగిపోతే," అంది నెమ్మదిగా, "మూడో చరణం వెనకాల మిషన్ ఎందుకు తిరుగుతోందమ్మా?"

తల్లి అర్థం కానట్టు చూసింది.

"మొదటి చరణం వెనకాల ఉన్న మిషనే, అదే వేగంతో, మూడో చరణం వెనకాలా ఉంది. వాన చుక్క చప్పుడు లేదు. అది వానల్లో పాడింది కాదు. అంతకుముందే పాడేశాడు. మొదటి చరణం పాడి, నీకోసం ఖాళీ వదిలి, నువ్వు పాడినట్టే మనసులో లెక్కపెట్టుకుని, మూడోది అందుకున్నాడు. ఒకేసారి. ఒకే రోజు. నువ్వు నీ పాట అయ్యాక మిగతా టేపు విన్నావా?"

"లేదు. ఖాళీ అనుకున్నాను. మీట నొక్కి ఆపేసి, రికార్డరు పక్కింటికి ఇచ్చేశాను."

"నీ ముక్క కోసినప్పుడు, నీ పాట అయ్యాక నాన్న గొంతు వచ్చేలోగా ఏమైనా ఉందా?"

"కొంచెం ఖాళీ. అది కూడా కోసేశాను."

"ఆ ఖాళీలో ఏం వినిపించింది? గుర్తు తెచ్చుకో అమ్మా. వాన వినిపించిందా?"

తల్లి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. కుడిచేతి వేళ్ళు, ఆవిడకి తెలియకుండానే, బల్ల చెక్క మీద కొట్టడం మొదలుపెట్టాయి.

గడగడ-గట్. గడగడ-గట్.

"మిషన్" అంది కళ్ళు తెరిచి. "మిషనే, అమ్మడూ."

"చూశావా! నువ్వు రమ్మనకముందే వస్తున్నానని పాడి పంపాడు. నీ మాటకి జవాబు కాదది. నీ మాట విని బయల్దేరాడనడానికి ఇంక ఏముంది? ఏమీ లేదు. నువ్వు చంపుకోలేదమ్మా నాన్నని. పద్దెనిమిదేళ్ళూ ఊరికే..." పిచ్చుకకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల్లి భుజాలు పట్టుకుని ఊపేసింది. "రేపు రా. రెండో చరణం నువ్వు పాడు. ఎలా పాడినా సరే, ఏ మాట పెట్టినా సరే. కుంటి దరువు పోతే పోనీ, పేరు మార్చుకుంటాం. మేనేజరుకి నేను చెప్తాను!"

తల్లి నవ్వుతుందనుకుంది. బరువు దిగిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఎదురుచూసింది.

తల్లి మొహంలో రక్తం లేదు.

"ఏమైందమ్మా?"

"లారీ పడింది..." అంది తల్లి. మళ్ళీ మొదలుపెట్టింది. "లారీ పడింది ఉత్తరం రోడ్డు మీద."

"అయితే?"

"మన ఊరు గనికి దక్షిణాన ఉంది."

పిచ్చుక చేతులు తల్లి భుజాల మీదనుంచి జారాయి.

"నేను అడగలేదే. గుమాస్తా ఆ రోడ్డు పేరు చెప్పినప్పుడే తెలుసు నాకు, అది ఇంటికొచ్చే దారి కాదని. వంతెన మునిగి ఉంటుంది, చుట్టూ తిరిగి వస్తున్నాడనుకున్నాను. నా పాట విని బయల్దేరాడనుకున్నాక, ఏ దారైనా ఇంటిదారే కదా! ఎవర్నీ ఏమీ అడగలేదు. తప్పు నాదే అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ఏడ్చాను. కానీ ఏడ్చిన ప్రతిసారీ, ఆఖరికి నా దగ్గరికే వస్తున్నాడు కదా అనుకునేదాన్ని."

బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. కుట్టిన కట్టలు జారి నేల మీద పడ్డాయి; వరస తప్పాయి. ఆవిడ చూడలేదు. కూతురి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపు పిచ్చుక ఎన్నడూ చూసి ఎరగదు.

"నేను పిలిస్తే రాలేదంటున్నావు. అంత వానలో, ఇంటికి వీపు పెట్టి... మీ నాన్న ఎవరి దగ్గరికి పోతున్నాడే?"